బియ్యపుగింజంత నత్తలు

అమ్మాయి పోయాక ఇంట్లో దాని తొట్టి మిగిలింది. ఉప్పునీటి తొట్టి. అడుగున పగడపు రాళ్ళు, చేపలు, అద్దం మీద పాచి గీకే నత్తలు. మధ్యలో నీలం కండ అంచుల బతికున్న ఆల్చిప్ప. ముదిరాక బయటపడ్డ జబ్బుతో ఆసుపత్రిలో చేరే ముందు అది ఆఖరుగా కొన్నది దాన్నే.

"మిగతావి ఎలాగో బతికేస్తాయి నాన్నా. దీన్ని మాత్రం కనిపెట్టుకుని ఉండు" అంది.

నాకు మాటలు తక్కువ. మా ఆవిడకు ఎక్కువ. అమ్మాయి పోయాక ఆవిడా మానేసింది. తొట్టిలో ఉప్పు కలపడం, నీళ్ళు మార్చడం నేను చూసుకునేవాణ్ణి. ఆవిడ ఆ గది గడప తొక్కేది కాదు.

ఒక ఉదయం ఎందుకో తనే వచ్చి తొట్టి ముందు కూర్చుంది.

"ఏమయ్యా, ఇటు రా. పిల్లలు పుట్టాయి!"

వంగి చూశాను. ఆల్చిప్ప అడుగున బియ్యపుగింజంత తెల్లటి నత్తలు.

"అద్దం మీద తిరిగే వాటి పిల్లలే ఇవి. అమ్మాయి చూస్తే ఎగిరి గంతేసేది. ఏమంటావు?"

"ఊఁ" అన్నాను.

"ఊఁ అట! ఆ ఆల్చిప్ప నయం, పొద్దున్నే నోరన్నా తెరుస్తుంది."

ఎన్నాళ్ళకో నన్ను వెక్కిరించింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఇక ఆవిడకు అదే లోకం. భోజనం కూడా ఆ గదిలోనే. నత్తలు ఇంకా ఎక్కువయ్యాయి. ఆల్చిప్ప నీలం అంచు మాత్రం రోజురోజుకీ లోపలికి ముడుచుకుపోయింది. ఉప్పు ఎక్కువైందేమో అనుకుని నీళ్ళు మార్చాను. లాభం లేకపోయింది. చేపల కొట్టతన్ని పిలుచుకొచ్చాను. అమ్మాయి అన్నీ అతని దగ్గరే కొనేది. దాన్ని అక్కా అని పిలిచేవాడు.

అతను తొట్టిలోకి చూసి ఆగిపోయాడు.

"ఇవెప్పటి నుంచి ఉన్నాయి పిన్నీ?"

"నా మనవలురా. ఎలా ఉన్నారు?"

అతను నవ్వలేదు.

"పిల్లలు కావు పిన్నీ. పెద్దవే. ఇంతకంటే పెరగవు. పాచి జోలికే పోవు, చూడండి, అన్నీ ఆల్చిప్పనే పట్టుకున్నాయి. సన్నటి మూతి గుచ్చి పీలుస్తాయి. చిప్పకు అంటుకుని దాంతోనే వచ్చుంటాయి. కొన్నప్పుడు నేనూ చూడలేదు, అక్కా చూడలేదు."

ఆవిడ అద్దానికి మొహం ఆనించి ఆ నత్తలనే చూసింది.

"ముందే చూసుంటే బతికేదా బాబూ?"

"బతికేది పిన్నీ. మెత్తటి బ్రష్షుతో తోమి రాల్చేస్తే సరిపోయేది."

ఆవిడ అడిగింది ఆల్చిప్ప సంగతి కాదని అతనికేం తెలుసు? నేను కిటికీ వైపు తిరిగాను.

"ఇప్పుడో?" అంది.

"వేలు తగిలితే మూసుకోవాలి. మూసుకుంటే ఆశ ఉన్నట్టే."

ఆవిడ మోచేతిదాకా నీళ్ళలో చెయ్యి పెట్టింది. తాకింది. మళ్ళీ తాకింది.

"మూసుకో తల్లీ" అంది. "మూసుకో."

తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"బయటికి తీసెయ్యాలి పిన్నీ. కుళ్ళితే మిగతావీ పోతాయి" అన్నాడు కొట్టతను మెల్లగా.

ఆవిడే తీసింది. పళ్ళ బ్రష్షు తెమ్మంది. తెచ్చిచ్చాను. ఆల్చిప్పను అరచేతిలో పెట్టుకుని ఒక్కో నత్తనూ రాల్చడం మొదలుపెట్టింది.

"ఇప్పుడెందుకు పిన్నీ?" అన్నాడతను.

"వీటిని వెంటబెట్టి పంపించను."

చిప్ప మీద ఇక ఏమీ మిగల్లేదు. ఆవిడ తోముతూనే ఉంది. కొట్టతను నా వైపు చూశాడు, ఆపమన్నట్టు. నేను ఆపలేదు.