చివరి పిండి ముద్ద

పిల్లలు ఊరికే ఆడుకుంటూ కనిపిస్తే సాలవ్వకు ఒళ్లు మండేది. ఎల్లారెడ్డి నుంచి బీబీపేటలో తమ్ముడు గంగారాం ఇంటికి వచ్చిన రోజే మేనకోడలు బుచ్చి మీద పడింది.

"తొమ్మిదేండ్లొచ్చె. ఏం పని నేర్పినవే హన్మవ్వా? మా పోరడు నిజాం సర్కారు బడి నుంచి రాంగనే పలక మీద ఉర్దూల అలీఫ్, బే దిద్దుతడు. పోరిని నాతోటి తోలియ్యి. రోజుకింత పని పెట్టి నేర్పిస్త. రేపు పొద్దుగాల్నే బండి."

గంగారాంకు అక్కంటే భయం. నోరు మెదపలేదు. అతని భార్య హన్మవ్వకు దిగులు పట్టుకుంది. కూతురికి ఏదీ కూర్చోబెట్టి నేర్పని మాట నిజమే. రోజూ రొట్టెలు చేసేటప్పుడు చివరికి ఉసిరికాయంత జొన్నపిండి మిగిల్చి బుచ్చికిచ్చేది. బుచ్చి దాన్ని తట్టుకునేది, కాల్చుకునేది, తినేది. అంతే.

దిగులుకో ఏమో, ఆ సాయంత్రం హన్మవ్వకు జ్వరం ముంచుకొచ్చింది. సాలవ్వ పక్కింట్లో ముచ్చట్లలో పడింది. తిరిగొచ్చేసరికి పొయ్యి దగ్గర బుచ్చి, పక్కన గంపనిండా రొట్టెలు. ఒక్కొక్కటి అరచేయంతే.

సాలవ్వ విరగబడి నవ్వింది. "ఇవేం రొట్టెలే? బొమ్మల పెండ్లికా?"

"అవ్వ నాకు గింతే పిండి ఇస్తది అత్తా," అంది బుచ్చి ఏడుపు ఆపుకుంటూ. "నాకు గింత రొట్టెనే వస్తది. గందుకే మస్తు చేసిన."

ఇక బిడ్డ తనకు దక్కదనే అనుకుంది లోపల పడుకున్న హన్మవ్వ.

సాలవ్వ ఒక రొట్టె తుంచి పుంటికూరలో అద్దుకుంది. అంచు పగల్లేదు. ఎక్కడా మాడలేదు. ఇంకొకటి తీసుకుంది. ఆ తర్వాత తింటూనే ఉంది. చెయ్యి కడుక్కున్నాక ఎవరి వైపూ చూడకుండా అంది.

"రేపు బండిల జొన్న సంచులు ఎయ్యాలె. పిల్ల కూసోనీకి జాగ ఉండది."

సంచులెక్కడివని అడగబోయి గంగారాం నోరు మూసుకున్నాడు. ఆ నోరు మూసుకోవడం జన్మలో మొదటిసారి పనికొచ్చింది.

జ్వరం తగ్గి పొయ్యి దగ్గరికొచ్చిన రోజు హన్మవ్వ పిండంతా పిసికి బుచ్చి ముందు పెట్టింది. పెద్ద రొట్టె అంచులు పగిలాయి. బుచ్చి మళ్లీ కలిపి తట్టింది. అన్నీ అయ్యాక ఉసిరికాయంత పిండి తల్లి చేతిలో పెట్టింది.

"గిది నీదవ్వా. తట్టుకో."

హన్మవ్వ నవ్వుతూనే ఏడ్చింది. ఆ చిన్న రొట్టెను చాలాసేపు తట్టలేకపోయింది.