పై స్థాయిలో ఒక తీగ

ఆ మెట్టుకున్న మూడు తీగల్లో రెండింటిని ఫెల్టు ముక్కతో నొక్కిపెట్టి, మూడోదాని బిరడాకు రెంచి తగిలించి, మెట్టు నొక్కి చెవి ఒగ్గాడు పియానో శ్రుతి చేసే ఆయన. వెంట్రుకవాసి బిగించాడు. మళ్ళీ నొక్కి, తృప్తిగా తల ఊపాడు. ఆ తర్వాత లేచి, హాలు తలుపులు రెండూ గడియపడ్డాయో లేదో చూసుకున్నాడు.

ఆయన ఎవరినీ నమ్మడు. ఇంట్లో పాలగిన్నె మూత జరిగితే పిల్లికంటే ముందు భార్యను నిలదీస్తాడు. పియానోను ఎవరో ముడుతున్నారన్న ఈ అనుమానానికి మాత్రం ఆధారం ఉంది. ఇక్కడ పియానో వాయించే పెద్దావిడ కచేరీ అయిన మర్నాడు హాలు మేనేజరు శ్రుతి చూసే మీటరు పెట్టి చూస్తే, ప్రతిసారీ పై స్థాయిలో అదే మెట్టు, అదే తీగ, కాస్త దిగి ఉంటోంది. "ఇంకోసారి ఇలా అయితే వేరేవాళ్ళని చూసుకుంటాను మాస్టారూ" అని పోయినసారే చెప్పేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ పని.

దించేది ఆవిడే. ఇంకెవరు? పేజీకో తప్పు వాయిస్తుంది, అయినా జనం కళ్ళు తుడుచుకుంటారు. తెర పక్కన నిలబడి ఆ తప్పులన్నీ వేళ్ళమీద లెక్కపెడతాడాయన. మిగతా రెంటితో కలవక వణికే ఆ తీగ లేకపోతే ఆ ఏడుపులెక్కడివి? ఆడలేక మద్దెల ఓడంటారు. ఈవిడ మద్దెలకే చిల్లు పెడుతోంది.

అసలు కోపం పాతది. ఇరవై ఏళ్ళప్పుడు సంగీత పరీక్షలో, పరీక్షకురాలిగా కూర్చున్న ఆవిడ ముందే ఒక్క తప్పు లేకుండా వాయించాడు. "అన్నీ సరిగ్గా ఉన్నాయి బాబూ. నువ్వే కనబడలేదు" అంది. ఆ తర్వాత పియానో ముందు కూర్చోలేదు. పక్కన నిలబడి రెంచి పట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఆవిడ సాధనకు వచ్చింది. ఆయన తెర వెనక దాక్కున్నాడు. ఆవిడ సంచీ తెరిచింది. రెంచి బయటికొస్తుందనుకున్నాడాయన. సంచీలోంచి కళ్ళజోడు వచ్చింది. అది పెట్టుకుని, ఆయన పరీక్షలో వాయించినదే మొదలుపెట్టింది. రెండు తప్పుల తర్వాత, ఆ పై మెట్టు దగ్గర ఆగింది.

"తెర కింద బూట్లు కనిపిస్తున్నాయి. ఇలా రండి."

దొంగను పట్టుకునేవాడిలాగే వచ్చాడు.

"తీగ మీరే దించుతున్నారు కదా అమ్మగారూ?"

"నేనా? రెంచి ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు నాకు. ఇందాకేగా శ్రుతి చేశారు, వినండి." నొక్కింది. "వణకట్లేదూ?"

"లేదే. శుభ్రంగా ఉంది."

ఆయనే వెళ్ళి మేనేజరు మీటరు తెచ్చి పెట్టాడు. ముల్లు ఎడమకు, శ్రుతి దిగినవైపుకు, వాలింది. మీటరునూ అనుమానించి పక్క మెట్టు నొక్కాడు. ముల్లు నిటారుగా నిలబడింది. ఆ తీగను దించుతున్నది తన చెవేనని ఆయనకు అర్థమైంది.

"నాలుగేళ్ళనుంచీ ఇంతే. చెబితే మీరు పని మానేస్తారని చెప్పలేదు," అంది ఆవిడ. "నిజం చెప్పాలంటే ఆ వణుకు నాకిష్టం. మీ పనిలో మీరు కనబడేది అక్కడొక్కచోటే."

ముల్లును చూస్తూ తిప్పితే అర నిమిషం పని. బిరడాకు రెంచి తగిలించాడు. కాసేపు అలాగే ఉండి, తిప్పకుండానే తీసేశాడు.

సాయంత్రం తెర పక్కన నిలబడలేదు. చివరి వరుసలో కూర్చున్నాడు. తప్పులు లెక్కపెట్టలేదు. ఆ మెట్టు వచ్చినప్పుడు పక్క కుర్చీలో ఎవరో కళ్ళు ఒత్తుకున్నారు. ఆయనకది శుభ్రంగానే వినిపించింది, అయినా కళ్ళు నిండాయి. ఏసీ గాలేమోనని అనుమానపడ్డాడు. చప్పట్లు మొదలవకముందే లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ హాలుకు రాలేదు.

మర్నాడు మీటరుతో వచ్చిన మేనేజరుకు, ఆయన రోజూ నిలబడే చోట, స్టూలు మీద, పిడి అరిగి నున్నబడిన రెంచి కనిపించింది.