బ్యాండు మాస్టారి భార్య ఎంచుకున్న జోడీ

పోల్కా నాట్యం పుట్టింది తమ ఊళ్ళోనేనని చర్చి పండగ మధ్యాహ్నం బీరుశాలలో వేదికెక్కి బ్యాండు మాస్టారు వెండెలీన్ ఏటా చేసినట్టే ప్రకటించాడు. ఎవరో పనిపిల్ల ఆనందం పట్టలేక పెరట్లో గెంతిందట, అది చూసి లోకమంతా గెంతిందట. బొహీమియాలో ఆ పిల్ల గెంతని ఊరు లేదు. పక్క ఊరివాళ్ళయితే ఆమె గెంతిన పెరడు కూడా చూపిస్తారు. అయినా బాతు వేపుడూ గసగసాల రొట్టెలూ కడుపు నిండా తిన్నవాళ్ళు దేనికైనా చప్పట్లు కొడతారు.

లిబూషె కొట్టలేదు. ఆమె మాస్టారి భార్య. ప్రతి పండగకీ గోడవార బల్ల మీద కూర్చోవడమే ఆమె ఉద్యోగం. ఊళ్ళో జంటలన్నిటినీ ఆడించే మహానుభావుడు కట్టుకున్నదానితో ఒక్క అడుగూ వేయలేదు. పెళ్ళినాడు కూడా బ్యాండు తాళం తప్పుతోందంటూ పెళ్ళికూతుర్ని మామగారికి అప్పజెప్పి వేదికెక్కేశాడు. తనంటే ఆయనకు ఇష్టం లేదేమోనన్న ముల్లు అప్పుడే ఆమె మనసులో దిగింది.

"ఏమే, ఈసారీ గోడకి కాపలానా?" అంది పక్కన కూర్చున్న నేస్తం క్వేత. "నీ మొగుడు ఆ వేదిక మీదే పుట్టాడా ఏంటి?"

"ఇవాళ దించుతా చూడు," అంది లిబూషె.

ఆడవాళ్ళ ఎంపిక వచ్చింది. ఆ ఒక్క పాటకీ ఆడవాళ్ళే మగవాళ్ళని ఆటకి పిలుస్తారు. కాదన్నవాణ్ణి బ్యాండు వెంటపడి, కవాతు పాట వాయిస్తూ గుమ్మం దాటిస్తుంది. మూలపడ్డ ఈ ఆచారాన్ని బతికించిన ఘనుడు వెండెలీనే. కిందటేడు మోకాలు వాచిన పశువుల డాక్టర్ని కూడా వదల్లేదు. "మోకాలు నీది, ఆచారం ఊరిది" అన్నాడు.

లిబూషె నేరుగా వేదిక దగ్గరికెళ్ళి మొగుడి ముందు తల వంచి చెయ్యి చాచింది.

"నాకు పనుంది లిబూ," అన్నాడాయన చేతిలోని తాళం పుల్ల చూపిస్తూ.

"నువ్వు ఆ పుల్ల ఊపకపోయినా వాళ్ళు వాయిస్తారు. దానికేసి చూసేదెవరు?"

ముసలి బాకావాడు నిజమేనన్నట్టు తలూపాడు. వెండెలీన్ ఆమె చెయ్యి చూశాడు, గుమ్మం చూశాడు.

"నన్ను సాగనంపండి," అన్నాడు బ్యాండువాళ్ళతో.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి వెళ్ళి కుడితి తొట్లో పడింది. తాను నేర్పిన కవాతు వెనకాల మోగుతుంటే మాస్టారు తల దించుకుని నడిచాడు. పశువుల డాక్టరు బల్లెక్కి మరీ చూశాడు. లిబూషె చెంపలు మండిపోయాయి. తనతో ఆడటం కంటే ఊరి ముందు గెంటించుకోవడమే నయమనిపించిందా ఈ మనిషికి! ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఆయన వెనకే పరుగెత్తి, పెరట్లో బీరు పీపాల మధ్య దొరకబుచ్చుకుంది.

"నేనంటే అంత అసహ్యమా?"

"నాకు రాదే," అన్నాడు బూట్లకేసి చూసుకుంటూ.

"ఏం రాదు?"

"పోల్కా. మిగతా కుర్రాళ్ళు అమ్మాయిల చేతులు పట్టుకుని నేర్చుకునే రోజుల్లో మా నాన్న నా చేతికి బాకా ఇచ్చాడు. తర్వాత అడగడానికి సిగ్గేసింది. ఆపైన మాస్టార్నయిపోయా. మాస్టారెళ్ళి ఎవర్ని అడుగుతాడు?"

"నన్ను!" అని అరిచింది లిబూషె. "లోపం నాలో ఉందనుకుని ఇన్నేళ్ళూ కుమిలిపోయాను కదయ్యా!"

నవ్వాలో కొట్టాలో తెలియక ముందు భుజం మీద ఒకటి వేసింది. తర్వాత ఆయన చెయ్యి లాగి తన నడుం చుట్టూ వేసుకుంది. ఆపమని చెప్పేవాడు లేక బ్యాండు ఇంకా కవాతే ఊదుతోంది. పోల్కాలాగే కవాతూ రెండు దెబ్బల తాళమే కదా, దాంతోనే మొదలుపెట్టించింది.

"ఎడమకాలు వెయ్యి. నీది! నాది తొక్కమన్లేదు."

కిటికీల నిండా తలకాయలు చేరాయి. మాస్టారికి చెమటలు పట్టాయి.

"అందరూ చూస్తున్నారే," అన్నాడు.

"చూడనీ. ఇన్నేళ్ళూ గోడవార నన్ను చూళ్ళేదూ?"