గంటతో వచ్చే గుంపు

గోడకున్న అట్టచక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండా అలాగే నిలబడిపోయింది మూడో తరగతి టీచరు.

రోజూ క్లాసులోకి రాగానే ఆమె చేసే మొదటి పని అదే. చక్రాన్ని వెనక్కి తిప్పి పసుపురంగును ‘టీచర్ బల్ల’ అన్న మాటకి ఎదురుగా తెచ్చిపెడుతుంది. పిల్లలు నాలుగు గుంపులు: పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. గదిలో నాలుగు చోట్లు: లెక్కల మూల, బొమ్మల మూల, కథల చాప, టీచర్ బల్ల. ఆమె చప్పట్లు కొట్టి చక్రం ఒక గడి జరపగానే గుంపులన్నీ చోటు మారతాయి. బల్ల దగ్గరికి వచ్చినవాళ్ల చేత ఆమె పాఠం చదివిస్తుంది. సెలవుల్లో వేళ్లు బొబ్బలెక్కేలా అట్టలు కత్తిరించి చేసుకున్న ఏర్పాటు.

ఈ పూట పెద్ద టీచరు క్లాసు చూడ్డానికి వస్తోంది. ముఖ్యంగా ఆకుపచ్చ గుంపులోని బక్కపిల్లని చూడ్డానికి. అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల చదివితే సరి, లేకపోతే రేపట్నుంచి రెండో తరగతిలో కూర్చోవాలని నిన్ననే తేల్చిచెప్పింది.

అది విని పిచ్చుక ఏడవలేదు. “మా చెల్లి పక్కనా టీచర్?” అని మాత్రం అడిగింది.

ఇందాక వరండాలో పసుపు గుంపువాడొకడు, “మీరంతా సగం పేజీగాళ్లు!” అని వెక్కిరించాడు.

“మేమేం చేస్తాం? మేం బల్ల దగ్గరికి రాగానే గంట కొట్టేస్తారుగా!” అంది పిచ్చుక.

ఆ మాట టీచరు చెవినపడింది. నిజమే. చివరి వంతు సగంలో ఉండగానే అన్నాల గంట మోగుతుంది. చేతులు కడుక్కోవాలని పిల్లలంతా లేచిపోతారు. పొందిగ్గా ఉంటుందని రోజూ ఆమె చక్రాన్ని మొదటికి తెస్తోంది. రోజూ చివర మిగిలేది ఆకుపచ్చే.

నిన్న ఆగినచోటే ఉంది చక్రం. ఆకుపచ్చ, బల్లకి ఎదురుగా.

“ఇంకా తిప్పలేదేంటమ్మాయ్?” పక్క క్లాసు టీచరు తలుపులోంచి తొంగిచూసింది. “ఆవిడ మెట్లెక్కుతోంది. పసుపువాళ్లని ముందు కూర్చోబెట్టు. గడగడా చదివిపారేస్తారు.”

“మరి పిచ్చుక, అక్కా?”

“అది కింది క్లాసుకెళ్తే నీకూ కాస్త తెరిపి.”

“తప్పు దానిది కాదక్కా. ఈ చక్రానిది.”

“చక్రం దానంతటదే తిరిగిందా?”

 టీచరు మెల్లగా చెయ్యి తీసేసింది. చక్రం ఉన్నచోటే ఉండిపోయింది.

పెద్ద టీచరు వచ్చి పిల్లల కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. చప్పట్లు మోగాయి. ఆకుపచ్చ గుంపు బిత్తరపోయింది.

“టీచర్, మేమా? ఇంకా గంట కూడా కొట్టలేదు!”

“ఇప్పుడప్పుడే కొట్టరు. రండి, కూర్చోండి.”

పిచ్చుక పుస్తకం తెరిచింది. “వా...న వెలి...సింది.” తలెత్తి తలుపువంక చూసింది. “ముసలమ్మ గొ...డుగు...” మళ్లీ తలుపువంక. ప్రతి మాటకీ అంతే. పెద్ద టీచరు పెన్ను మూత తీసింది.

టీచరు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. “ఇటు చూడమ్మా. గంట సంగతి నేను చూసుకుంటా. నువ్వు చదువు.”

“గొడుగు ము... ము...”

“చాల్లేమ్మా,” అంది పెద్ద టీచరు.

“దాని వంతు ఇంకా అయిపోలేదండీ.” అంది టీచరు. పుస్తకం పిచ్చుక వైపు ఇంకాస్త జరిపింది.

 లెక్కల మూలలో గింజలు దొర్లిన చప్పుడైంది.

“ము...డిచింది. ముడిచింది!” పిచ్చుక వేలు కిందికి జరిగింది. ఒక్కో వరుసా తడుముకుంటూ, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ పేజీ చివరికి చేరింది. అక్కడ ఆగి టీచరు ముఖంలోకి చూసింది.

“వెనక కూడా ఉందా టీచర్? ముసలమ్మ ఇల్లు చేరిందా?”

పాఠం మొదలై ఇన్నాళ్లయినా ఆ పిల్ల పేజీ తిప్పనేలేదు.

“ఇంతకాలం ఏమైంది దీనికి?” పెద్ద టీచరు అడిగింది.

“దానికేం కాలేదండీ. రోజూ నేనే చివర నిలబెట్టాను.” చక్రం చూపించి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

పెద్ద టీచరు చక్రంవంక చూసింది. తర్వాత పెన్నుకి మూత పెట్టింది. “ఇక్కడే ఉండనీ. నెలాఖరుకి మళ్లీ వచ్చి చదివిస్తా. అప్పుడు మాత్రం ఏ సాకూ వినను. దాన్నుంచీ, నీనుంచీ కూడా.”

ఆ పూట చివర బల్ల దగ్గరికి వచ్చింది నీలం గుంపు. ఇలా కూర్చున్నారో లేదో గంట మోగింది.

“అన్యాయం టీచర్! సగం పేజీయే అయింది!”

చేతులు కడుక్కోవడానికి వెళ్తున్న పిచ్చుక వెనక్కి తిరిగింది. “ఏడవకండి. చక్రం ముట్టుకోకపోతే రేపు ముందు మీరే,” అంది, టీచరు చేతులవంక చూస్తూ.

టీచరు చేతులు కట్టుకుంది.