జీర్ణాశయం వెనకాల

ఆ షెడ్డు ముందు మనుషుల పేగులు ఎండకి ఆరుతుంటాయి. కంగారు పడక్కర్లేదు, అవి ప్లాస్టిక్ పేగులు. బడులకీ, నర్సింగు కాలేజీలకీ శరీర భాగాల బొమ్మలు చేసి పంపే చోటు అది. గుండె, మెదడు, కన్ను అన్నీ చేస్తారు కానీ ఎక్కువ అమ్ముడుపోయేది జీర్ణవ్యవస్థే. అన్నవాహిక, జీర్ణాశయం, ఆంత్రమూలం, చిన్నపేగు, పెద్దపేగు, పురీషనాళం వరసగా ఒక పలక మీద బిగించి, ఒక్కోదాని పక్కన పేరు అంటించి పెట్టెలో పెడతారు.

వాటికి రంగులు వేసే ఆవిణ్ణి షెడ్డులో అందరూ రంగులక్క అంటారు. కాలేయానికి ఇటుక రంగు, పిత్తాశయానికి ఆకుపచ్చ, జీర్ణాశయానికి గులాబి, దాని వెనకాల నక్కి ఉండే క్లోమానికి పసుపు. పేర్లన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. కొత్తగా చేరినవాళ్ళు ఉండుకాన్ని, అదే అపెండిక్సుని, పట్టుకుని ఇదేంటక్కా తోకలా ఉంది అని అడిగితే, "దాని జోలికి పోకు, అలిగిందంటే ఆపరేషనే" అనేది. ఇన్నేళ్ళుగా చేతుల్లో నలిగిన సంగతి కదా, మనిషి లోపల తనకి తెలియనిది లేదని ఆవిడ ధీమా. ఆ ధీమాయే కొంప ముంచింది.

ఇంట్లో ఉండేది ఆవిడా, తమ్ముడూ. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఈవిడే. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఎత్తైన భవనాల్లో తీగలకి వేలాడే పెట్టె మీద నిలబడి ఈల వేసుకుంటూ పనిచేసే మనిషికి సూదిమందు పేరు చెబితే ముచ్చెమటలు. కొన్నాళ్ళుగా వాడికి తిండి సయించడం లేదు. వెన్నులోకి పొడుచుకుపోయే నొప్పి. చొక్కాలు వదులైపోయాయి. అడిగితే పని ఎక్కువైందని దాటేశాడు. కళ్ళు పచ్చబడ్డాక గానీ ఆసుపత్రి గడప తొక్కలేదు. క్లోమంలో గడ్డలాంటిది కనిపిస్తోంది, పెద్ద స్కానింగు చెయ్యాలి, వీలుంటే ఆపరేషన్ చేస్తాం అని డాక్టరమ్మ చెప్పగానే చెప్పులేసుకుని బయటికి వచ్చేశాడు. మళ్ళీ రమ్మంటే చచ్చినా రానన్నాడు.

బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. ఏదీ పారకపోతే షెడ్డులో అంచు విరిగి పక్కన పడేసిన బొమ్మ ఒకటి అడిగి ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదిగో, ఇది నీ జీర్ణాశయం. ఇలా లాగితే వచ్చేస్తుంది. వెనకాల పసుపుగా ఉందే, అదే క్లోమం. దాన్నీ లాగు."

వాడు లాగాడు. కొక్కెం టక్కుమని ఊడింది.

"అంతేనా?" అన్నాడు.

"అంతే. చెడినంత మేర తీసేసి, మళ్ళీ అన్నీ యథాస్థానంలో పెట్టి కుట్టేస్తారు. నువ్వు లిఫ్టులో పాడైన ముక్క మార్చవూ?"

వాడు మెకానిక్కు. విప్పితే ఊడేది ఏదైనా బాగవుతుందని నమ్మే జాతి. జీర్ణాశయాన్ని తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. వాడి మొహంలో చాలా రోజుల తర్వాత కాస్త కళ వచ్చింది. మర్నాడే బుద్ధిగా స్కానింగుకి వెళ్ళాడు. రంగులక్కకి ఏనుగెక్కినంత సంతోషం.

ఫలితం చెప్పే రోజున వాడు డాక్టరమ్మ గది బయటే ఆగిపోయాడు. "మా అక్కకి చెప్పండి మేడమ్. ఆవిడ ఇంటికెళ్ళి బొమ్మ పెట్టి చెప్తుంది, నాకు అప్పుడే అర్థమవుద్ది" అన్నాడు. డాక్టరమ్మ రెట్టించి అడిగింది. నిజంగా అంతేనన్నాడు.

లోపల తెర మీద అంతా నలుపూ తెలుపూ. ఇటుక రంగు లేదు, గులాబి లేదు. రంగులక్కకి ఏది ఏదో బోధపడలేదు.

"ఇది గడ్డ. దీని నడుమ గుండ్రంగా కనబడుతోందే, అది రక్తనాళం. చిన్నపేగు మొత్తానికి రక్తం దీన్లోంచే వెళ్ళాలి. గడ్డ దాన్ని చుట్టూరా పట్టేసింది. కోసి తియ్యడానికి లేదమ్మా."

"అక్కడ నాళం ఉండదండీ," అంది రంగులక్క. "క్లోమం తీస్తే వెనక పలకే."

డాక్టరమ్మ నవ్వలేదు.

"అందరికీ ఉంటుందమ్మా," అంది మెల్లగా. "కామెర్లు తగ్గడానికి లోపల చిన్న గొట్టం వేస్తాం. నొప్పికి మందులిస్తాం. గడ్డ త్వరగా పెరగకుండా ఇంకో మందు ఉంది. కొంతకాలం కలిసొస్తుంది. నయమైపోతుందని మాత్రం చెప్పలేను. మీరు చెప్పలేకపోతే ఆయన్ని పిలవండి, నేనే చెప్తాను."

"వద్దండి. నేనే చెప్పాలి," అంది.

బయట బెంచీ మీద తమ్ముడు కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉన్నాడు. "ఎప్పుడంట?" అన్నాడు. ఇంటికెళ్ళు, పని చూసుకుని వచ్చి చెప్తానని వాణ్ణి బస్సెక్కించింది. మొహం చూస్తే పసిగట్టేస్తాడని భయం.

షెడ్డుకి వెళ్ళి మేస్త్రీని పట్టుకుంది. బొమ్మల అచ్చులన్నీ ఆయన చేతి మీదుగా తయారైనవే.

"మన బొమ్మలో క్లోమం దగ్గర రక్తనాళం ఉండేదా?"

"పాత అచ్చులో ఉండేదిగా, సన్నగా. పార్సిల్లో ఊరికే విరిగిపోతోందని తీసేశాం. బడి పిల్లలకి అదెందుకులే అనుకున్నాం. నువ్వే కదా సంబరపడిపోయావ్, దానికి ఎర్రరంగు వెయ్యలేక చస్తున్నా అని."

గుర్తొచ్చింది. ఆ రోజు మేస్త్రీకి టీ కూడా తనే పోయించింది. ఉన్న సంగతి చెప్పేసరికి మేస్త్రీ తల పట్టుకున్నాడు.

"ఇప్పుడే చెప్పకు. ఆపరేషన్‌కి ముందు కొన్నాళ్ళు మందులు వాడాలన్నారని చెప్పు. రోగం కన్నా ముందు భయమే చంపుద్ది వాణ్ణి."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది చక్కగా అతికింది. మందులు నిజమే, వాడాల్సిందీ నిజమే, ఆపరేషన్‌కి ముందు అన్న ఒక్క ముక్కే కల్పించాలి. దారి పొడుగునా ఆ మాటని నోట్లో తిప్పుకుంటూ నడిచింది. అయినా సంచీలో ఎర్రరంగు డబ్బా, సన్న కుంచె, ఒక మైనం ముద్ద ఎందుకు వేసుకుందో ఆవిడకే తెలియదు.

ఇంటికెళ్ళేసరికి వాడు బల్ల తుడిచి బొమ్మ సిద్ధంగా పెట్టాడు. జీర్ణాశయం తీసి పక్కన పడుకోబెట్టాడు. పసుపు క్లోమం వాడి అరచేతిలో ఉంది.

"సెలవు కావాలని పైవాళ్ళకి చెప్పేశా. తేదీ చెప్పు ఇంక."

"ముందు కొన్నాళ్ళు మందులు..." అని మొదలుపెట్టింది.

"సరే, వాడతా. నువ్వేం చెప్తే అది." క్లోమాన్ని చేతిలో తిప్పి చూసుకున్నాడు. "డాక్టర్లు వెయ్యి చెప్పినా నేను వెళ్ళేవాణ్ణి కాదక్కా. నువ్వు విప్పి చూపించావు కాబట్టి వెళ్ళా."

అంతలా నమ్మినవాడికి ఇంకో అబద్ధం చెప్పడం ఆవిడ వల్ల కాలేదు. వాడి చేతిలోంచి క్లోమం తీసుకుని దాని కొక్కేనికి తగిలించింది. ఎర్రరంగు డబ్బా మూత తీసింది.

"ఏం చేస్తున్నావ్?"

"మేం మానేసింది వేస్తున్నా."

పసుపు మీదుగా ఎర్రగీత కిందికి లాగింది. చిన్నపేగు మడతల దాకా తెచ్చి, అక్కడ కొమ్మలు కొమ్మలుగా చీల్చింది. తర్వాత మైనం చిదిమి, క్లోమం మీద ఆ గీత చుట్టూ అద్ది వేలితో నొక్కింది.

"ఇది రక్తనాళం. అందరికీ ఉంటుందట. ఈ మైనం నీ గడ్డ."

వాడు వంగి చూశాడు. లిఫ్టు గుంతలోకి చూసేటప్పుడు అలాగే చూస్తాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

"మైనం తియ్యాలంటే ఎర్రది తెగుద్ది," అన్నాడు.

"ఊఁ."

"తెగితే?"

"పేగులకి రక్తం అందదు."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక మళ్ళీ మళ్ళీ తంతున్నారు. అది కదిలి వెళ్ళిపోయేదాకా వాడు ఎర్రగీత పొడుగునా, తాకకుండా, వేలు పోనిచ్చాడు.

"ఆపరేషన్ లేదన్నమాట."

"లేదురా. మందులిస్తారు. నొప్పి తగ్గిస్తారు. కొంతకాలం కలిసొస్తుందన్నారు." కుంచె పక్కన పెట్టేసింది. "నాకు తెలీదురా. అన్నీ తెలుసనుకున్నా. నీకు మాటిచ్చేశా."

వాడు చేతి వెనకభాగంతో కళ్ళు తుడుచుకున్నాడు. పక్కనున్న గులాబిరంగు జీర్ణాశయాన్ని తీసుకుని, దాని చోట పెట్టబోయాడు. అలవాటుగా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడే పెట్టకు. తడిగా ఉంది, అంటుకుంటుంది."

"ఆరడానికి ఎంతసేపు పడుద్ది?"

"చాలాసేపు."

"ఆరనీలే," అన్నాడు. జీర్ణాశయాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నువ్వెక్కడికీ వెళ్ళకు."