ఎనిమిది ఇళ్ళ మన్ను

మా ధనంజయ చిత్తూరులో క్రికెట్ మైదానం చూసుకునే పనిలో ఉండేవాడు. చూసుకోవడమంటే గేటు దగ్గర కూర్చోవడం కాదు. గడ్డి కోయాలి, రోలరు లాగాలి, నడిమధ్యన బంతి వేసే పిచ్ ఉంటుంది చూశారా, దానికి పసిబిడ్డకు పోసినట్టు నీళ్ళు పోయాలి. మైదానం మూలన రేకుల ఇంట్లో మా కాపురం. వాడు, కోడలు భారతమ్మ, నలుగురు పిల్లలు, నేను. ఆ ఇల్లు ఉద్యోగంతో వచ్చింది. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది.

ఎనభై ఒకటిలో, మామిడికాయలు మండీలకు దిగే రోజుల్లో, మైదానం మీద దావా పడింది. మండీ యజమాని ఒకాయన, ఆ నేల మా తాతదే, ఇంగ్లీషు దొరకు ఆడుకోవడానికి ఇచ్చాడే గాని అమ్మలేదు అన్నాడు. ఆటగాళ్ళ సంఘం తరఫున ప్లీడరు సుందరరాజు. దొరల కాలపు కాగితాలు ఆయనకు ఎక్కడా దొరకలేదు. మైదానం పుట్టడం కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది నేనూ, నగరిలో ఉన్న మా అక్క అక్కమ్మా. నగరి దాకా ఎవరు పోతారు, దగ్గరున్నానని నన్ను పిలిచారు.

నోరు తెరిస్తే మూసే మనిషిని కాను కదా. ప్లీడరుకు అంతా చెప్పాను. నాకప్పుడు పదేళ్ళు. ఎర్రమొగం దొర గుర్రమెక్కి వచ్చాడు, వెనకాల బంట్రోతు గొడుగు పట్టుకుని పరుగెత్తాడు. చదునుగా ఉంది, ఇక్కడే ఆట అన్నాడట. అక్కడ మా ఎనిమిది ఇళ్ళున్నాయి. మాది మూడోది. వంక అవతలికి పొమ్మన్నారు, పోయాం. తర్వాత గోడలు పడగొట్టారు. ఏళ్ళ తరబడి వానకు నాని ఎండకు ఎండిన గోడమన్ను బీటలివ్వదని మేస్త్రీ అన్నాడు. ఆ మన్ను జల్లెడ పట్టి, నానబెట్టి, పిల్లలందరి చేతా తొక్కించారు. ఆ పిచ్ అదే. మా ఇంటి గోడ అని నాకు తెలుసు. కాళ్ళకు చల్లగా ఉంది, నవ్వుతూ తొక్కాను. మా అమ్మ పక్కన నిలబడి చూసింది.

సుందరరాజు కలం ఆపాడు.

"అవ్వా, ఈ ఇండ్ల మాట కోర్టులో వద్దు."

"యాల సామీ?"

"మీ నాయన ఆ మండీ ఆయన తాత సేన్లో కూలికి పోయినాడా లేదా?"

"మాయమ్మ గూడా పొయ్యింది. అందరూ పోయినారు."

"అదే. మా కూలోళ్ళకు మా నేలలో మేమే గుడిసెలు ఏపించినామంటారు మండీ వాళ్ళు. నేల వాళ్ళదైపోతాది. ముందర ఏముండె అని అడిగితే, బీడు అని సెప్పు. సాలు."

"ఎనిమిది ఇండ్లు ఉండె గదా సామీ."

"ఉండె. నీ కొడుకు ఇల్లు గూడా ఉండాల గదా."

కోర్టులో బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచాడు. బోనులో నిలబడ్డాను. ముందు అక్కడ ఏముండేదని అడిగారు. బీడు, ముళ్ళకంప తప్ప ఏమీ లేదు అన్నాను. రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నారు. ఇంటికొచ్చి కోడలు పెట్టిన సంగటి తిన్నాను. బాగానే తిన్నాను. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తీర్పు ఇంకా రాలేదు. నేను కోర్టులో అన్న మాట ఎవరి నోటో విని, నాలుగో రోజు పొద్దున అక్కమ్మ నగరి బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. నాకన్నా ఐదేళ్ళు పెద్దది, మోకాళ్ళ నొప్పులు. గుమ్మంలోనే నిలబడింది.

"మే రత్నమ్మా, నేను యాడ పుట్టినానే?"

"కూసోక్కా. మజ్జిగ తాగుదువు."

"బీట్లో పుట్టినానా? మాయమ్మ ముళ్ళకంప కింద కనిందా నన్ను?"

"ధనంజయకు నలుగురు పిల్లోళ్ళక్కా."

"నాకు ఆర్గురు. మా ఊరు యాడంటే వాళ్ళకు ఏం సూపించేది? రేపు పొయ్యి సెప్పు, ముసల్దాన్ని, మర్సిపోయినాను, ఎనిమిది ఇండ్లుండె అని."

"నేను మర్సిపోయినానంటే ఈ ఊర్లో ఎవురు నమ్ముతారక్కా?"

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

పిచ్‌కు నీళ్ళు పోసి ధనంజయ అప్పుడే లోపలికి వచ్చాడు. వాడికి ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు నేను. ఊరందరికీ అన్నీ చెప్పేదాన్ని, ఇదొక్కటి చెప్పలేదు. అక్క వాడి ముందే గోడమన్ను దాకా అంతా చెప్పేసింది.

"ఆ మన్ను మన ఇంటిదా అమ్మా?"

"మనదీ, ఇంకా ఏడు ఇండ్లదీ."

"అందుకే అది పగలదు. ఎంత ఎండ కొట్టినా పగలదు" అన్నాడు మెల్లగా, తనలో తాను చెప్పుకున్నట్టు. కాసేపటికి అక్కమ్మ ముందు వంగి కాళ్ళు పట్టుకున్నాడు. "పెద్దమ్మా, ఎవురికీ సెప్పొద్దు. ఇల్లు ఇడిసి పిల్లోల్ని యాడికి ఎత్తకపోయేది?"

అక్కమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. మజ్జిగ ముట్టకుండానే వెళ్ళిపోయింది. బస్టాండు దాకా వెనకాలే నడిచాను. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక మాట్లాడింది.

"మన్ను తొక్కిన పొద్దు మేస్త్రీ తలా ఒక బెల్లం ముక్క ఇచ్చినాడు. నాకు గొంతు దిగలా. నా ముక్క గూడా నువ్వే తింటివి."

బస్సు కదిలింది.

దావా మేమే గెలిచాం. సుందరరాజు మిఠాయి పంచాడు. రెండేళ్ళకు సంఘం వాళ్ళు మైదానం చరిత్ర అని చిన్న పుస్తకం వేశారు. ఆ చిన్న అచ్చు నా కళ్ళకు ఆనకపోతే మనవరాలు చదివి వినిపించింది. దొర పేరుంది, మొదటి ఆటలో ఎవరెవరు ఆడారో ఉంది. ఆ కింద, అంతకు ముందు ఇక్కడ ఏమీ లేదని మునిరత్నమ్మగారు కోర్టులో చెప్పారు అని ఉంది. నా పేరు అచ్చులో పడిందని పిల్లలు చప్పట్లు కొట్టారు.

ధనంజయ ఇప్పుడు ఆ పనిలో లేడు. తిరుపతిలో అలిపిరి దారిలో చిన్న ఇల్లు తీసుకున్నాం, అక్కడి నుంచే రాస్తున్నాను. ఆ ఎనిమిది ఇళ్ళు తూర్పు నుంచి మొదలు: వెంకటముని ఇల్లు, చిన్నబ్బ ఇల్లు, మా నాయన మునస్వామి ఇల్లు, తాయమ్మ ఇల్లు, ఆమె మరిది ఇల్లు, అతని పేరు గంగులు. తర్వాత సిద్ధమ్మ ఇల్లు, కుంటి యల్లప్ప ఇల్లు. ఎనిమిదోది వంక పక్కది. అందులో ఒక్కతే ఉండేది, మెల్లకన్ను, మేము పోతే వేరుశనక్కాయలు వేయించి పెట్టేది. ఆమె పేరు ఎంత తలచుకున్నా రావడం లేదు. అక్కమ్మకు తెలుసు. మూడు కార్డులు రాశాను. నగరి నుంచి జవాబు లేదు.