బయ్యప్ప బోరు నీళ్లు

రక్షిత కాన్పుకని పుట్టింటికి వచ్చినప్పటి నుంచి బయ్యప్ప ఒక పని మాత్రం ఎవరికీ వదిలిపెట్టలేదు. పొద్దున్నే పాల డెయిరీలో పాలు పోసి రాగానే చెంబు తళతళా తోమి, బోరు మోటారు వేసి, గొట్టంలోంచి అప్పుడే పైకి వచ్చిన నీళ్లు పట్టి కూతురి చేతికి ఇచ్చేవాడు. నీళ్లు బాగా తాగమని బాగేపల్లి డాక్టరమ్మ చెప్పింది మరి. ఆ పిల్ల చెంబు ఖాళీ చేసేదాకా ఎదురుగా నిలబడి చూసేవాడు.

"చాలు నాయనా! ఈ లెక్కన బిడ్డ ఈదుకుంటా వస్తాది," అనేది రక్షిత.

"రానీమ్మా. పరగోడులో ఇంత తియ్యటి నీళ్లు ఎవురింట్లో ఉండాయి చెప్పు?"

పొయ్యి దగ్గర రాగిసంగటి గెలుకుతూ మునిలక్ష్మమ్మ ఆ మాట విని నవ్వుకునేది. రోజూ వినే మాటే. అయినా ఆ మాట అనే హక్కు తన మొగుడికి ఉందని ఆమెకు తెలుసు.

అంతకుముందు వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కి ఊరుకున్నాయి. ఇంక వద్దప్పా అని ఆమె బతిమాలినా వినకుండా ఇంకొకటి వేయించాడు. బండ కింద బండ, దాని కింద బండ. చుట్టుపక్కల ఎవరూ పోనంత లోతుకు పోయాక ముందు బురద చిమ్మింది, తర్వాత నీళ్లు ఎగిశాయి. ఆ రోజు ఆయన ఆ నీళ్ల కింద నిలబడి చిన్నపిల్లాడిలా గంతులేశాడు. మల్బరీ తోటకు పైపు వేయకముందే గోడ బయట వీధికి ఒక కొళాయి పెట్టించాడు. పంచాయితీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఊళ్లో ఆ కొళాయి ఒక్కటే నమ్మకమైంది. పోనుపోను ఊరు ఆయనను నీళ్ల బయ్యప్ప అని పిలవసాగింది. ఎవరైనా అలా పిలిస్తే ఆయన పైకి విసుక్కునేవాడు గానీ, మీసం కింద నవ్వు దాగేది కాదు.

ఎండలు ముదిరే రోజుల్లో బెంగళూరు కాలేజీ పిల్లలు కొందరు వచ్చి, ఊళ్లో బోర్ల నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. కొన్ని వారాలకు వాళ్లలో సహన అనే అమ్మాయి ఒక్కతే మళ్లీ వచ్చింది. కన్నడ పిల్లే గానీ వాళ్ల అమ్మది తెలుగువాళ్లున్న చింతామణి, అందుకని తెలుగు బాగానే మాట్లాడేది. అప్పుడు బయ్యప్ప తోటలో పట్టుపురుగులకు ఆకు కోస్తున్నాడు. రక్షిత లోపల నిద్రపోతోంది. మునిలక్ష్మమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కిందపెట్టి, ఆ పిల్ల సంచిలోంచి పరీక్ష కాగితం తీసింది.

"అమ్మా, మీ బోరు నీళ్లలో యురేనియం ఉండాది. ఉండాల్సిన దానికన్నా చానా ఎక్కువ."

టీవీలో బాంబుల గురించి చెప్పేటప్పుడు విన్న మాటలా తోచింది మునిలక్ష్మమ్మకు. "అది మా ఇంటికి యాడ నుంచి వచ్చె తల్లీ?"

"యాడ నుంచీ రాలేదమ్మా. ఈ బండ పుట్టినప్పటి నుంచి బండలోనే ఉండాది. పైన నీళ్లు ఉన్నన్నాళ్లు మనం అంత లోతుకు పోలేదు. ఇప్పుడు బండల్లో నానిన నీళ్లే పైకి తెచ్చుకుంటాండాము. రంగుండదు, వాసనుండదు, రుచిలో తెలీదు."

"కాచి తాగుతాము."

"కాస్తే పోదమ్మా. నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడతాది."

అది ఏండ్ల తరబడి కడుపులోకి పోతే కిడ్నీలకు చేటని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. స్నానానికీ బట్టలకూ వాడుకోవచ్చు, తాగడానికీ వంటకూ మాత్రం వద్దంది. బాగేపల్లిలో నీళ్లు శుద్ధి చేసే ఫిల్టర్ నుంచి తెచ్చుకోమంది. "లోపల అక్క ఉండాది కదా, ఆమెకు ఈరోజు నుంచే ఆపేయండి. భయపడొద్దు. ఆపితే చాలు."

ఆ పిల్ల తన ఫోను నంబరు రాసిచ్చి వెళ్లిపోయాక మునిలక్ష్మమ్మ అరుగు మీదే చాలాసేపు కూర్చుంది. కూతురి సంగతి సులువే, నీళ్లు మార్చేస్తే సరిపోతుంది. చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడే మనిషికి ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

చెప్పలేదు. పాలబండి తోలే ధనుంజయతో బాగేపల్లి నుంచి ఫిల్టర్ నీళ్ల క్యాను తెప్పించి, వడ్ల బస్తాల వెనక దాచింది. వంటకు అవే వాడింది. మొగుడు చెంబు ఇవ్వగానే ఏదో పని చెప్పి ఆయనను అటు పంపి, చెంబు అందుకుని, కనకాంబరం పాదులో ఒంచేసి, క్యాను నీళ్లు నింపి కూతురికి ఇచ్చేది. ఎంత దాచినా ఇంట్లో విషయం ఎన్నాళ్లు దాగుతుంది? ఒకరోజు తలగుడ్డ మరిచిపోయి బయ్యప్ప వెనక్కి వచ్చాడు. పాదులో పారుతున్న నీళ్లు చూశాడు.

"ఏమే, నా చేతి నీళ్లు చేదయినాయా?"

అప్పుడు చెప్పక తప్పలేదు. ఆయన విన్నాడు. ముఖం ఎర్రబడింది.

"ఇన్నేండ్లు తాగిన నాకు ఏమయ్యె? ఎవురో బుడ్డపిల్ల సీసాలో చూసి చెప్తే నా గంగమ్మను విషం అంటావా?" అని గబగబా బోరు దగ్గరికి పోయి, చెంబు నింపుకొచ్చి, ఆమె చూస్తుండగానే సగం తాగేశాడు.

మునిలక్ష్మమ్మ ఆయన చేతిలోంచి చెంబు తీసుకుని మిగిలిన సగం తను తాగింది. పైట చెరగుతో మూతి తుడుచుకుంది.

"నువ్వు తాగితే నేనూ తాగుతానప్పా. నీతోనే ఉంటా. దాని కడుపులో బిడ్డకు మాత్రం వద్దు."

ఆయన తలగుడ్డ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నానికి రాలేదు. ఆమె సంగటి, ఉలవచారు గిన్నెలో పెట్టుకుని పోయి చూస్తే మోటారు గది నీడలో కూర్చుని ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాడు. అవతల సహన. "అంత లోతుకు తొవ్వింది నా తప్పేనామ్మా?" అని అడుగుతున్నాడు. ఆ పిల్ల ఏం చెప్పిందో గానీ, చాలాసేపు విని, "సరేమ్మా," అని ఫోను పెట్టేశాడు.

మునిలక్ష్మమ్మ పక్కన కూర్చుంది. ఆయన ముద్ద ముట్టుకోలేదు.

"వెంకటేశప్ప," అన్నాడు. ఆ ఒక్క మాటే.

ఆమెకు అర్థమైంది. ఎదురింటి వెంకటేశప్ప కిడ్నీలు చెడిపోయి అంతకుముందు ఏడాది పోయాడు. చిక్కబళ్లాపురం ఆసుపత్రిలో డయాలిసిస్ చేయించుకునే రోజుల్లో, ఆ స్నేహితుడికి బయ్యప్పే ఇక్కడి నుంచి క్యాను నిండా ఈ బోరు నీళ్లు మోసుకుపోయేవాడు. అక్కడి నీళ్లు నోట పెట్టలేకుండా ఉండాయని వెంకటేశప్పే అడిగితే.

"వాని పెండ్లాం యశోదమ్మకు నేనే చెప్పల్ల," అన్నాడు బయ్యప్ప. "ఇంకెవురో చెప్పేలోపల."

ఇద్దరూ కలిసి పోయారు. యశోదమ్మ చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. రాన్నా, కూచో అంది. ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. చెప్తూ చెప్తూ, "నా చేతులతో నేనే వానికి..." అని ఆగిపోయాడు. మునిలక్ష్మమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"దానివల్లనే పోయినాడని ఎవురన్నా చెప్పినారా?" అంది యశోదమ్మ.

"లేదు. ఆ పిల్లనడిగినా. వానికి షుగరు కూడా ఉండె కదా, ఏది ఎంత చేసిందో ఇప్పుడు చెప్పలేమన్నాది. కాదని కూడా చెప్పలేమన్నాది."

యశోదమ్మ చేతిలోని చింతపండును చాప మీద పెట్టేసింది.

"డాక్టరు కొలిచి ఇమ్మన్న నీళ్లు ఆయనకు యాడికీ చాలకుండా ఉండె. గొంతెండిపోయి, 'బయ్యప్ప బోరు నీళ్లు ఒక్క గుక్క' అని అడుగుతాండె. దూది తడిపి పెదాలకు పెడితే కండ్లు మూసుకుని చప్పరిస్తాండె." ఆమె చెరగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆ నీళ్లను నా ముందర విషం అనొద్దన్నా. వినేదానికి నావల్ల కాదు."

లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

మర్నాడు పొద్దున బయ్యప్ప పాలు పోయడానికి పోలేదు, మునిలక్ష్మమ్మనే పొమ్మన్నాడు. తను వీధి కొళాయి దగ్గర నిలబడ్డాడు. ఆమె తిరిగి వచ్చేసరికి బిందెలతో జనం మూగి ఉన్నారు. తాగొద్దని ఆయన చెప్తున్నాడు. యురేనియం అనే మాట ఆయన నోట సరిగా తిరగడం లేదు.

"తోటకు నీళ్లు చాల్లేదా ఏమి? అందుకేనా ఈ కథ?" అన్నారు ఎవరో వెనక నుంచి.

ఊరంతటికీ నీళ్లు తాపిన మనిషి, ఆ మాటకు తల దించుకున్నాడు. మునిలక్ష్మమ్మ పాల క్యాను కింద పెట్టి ముందుకు పోబోయింది. అంతలో ఎదురింటి తలుపు తెరుచుకుంది. యశోదమ్మ బయటికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. వచ్చి బయ్యప్ప పక్కన నిలబడింది.

"ఒంటికీ బట్టలకూ పట్టుకోండి, తాగేదానికి వద్దంటాండాడు. చెవులు లేవా? మా ఇంటాయన ఎట్ల పోయినాడో చూసినారు కదా! ఈ నీళ్ల వల్ల పోయినాడా, ఇంక దేని వల్ల పోయినాడా, నాకు తెలీదు. నా మనవడికి మాత్రం ఇంక తాపను." బయ్యప్ప వైపు తిరిగి, "తాగేదానికి ఏం చేస్తామో అది చెప్పన్నా. నేనూ వస్తా," అంది.

ఆమె రావడం ఊరికే పోలేదు. బడి పక్కన పంచాయితీ వాళ్లు ఎప్పుడో కట్టించిన ఫిల్టర్ గది తాళం పడి, బూజు పట్టి ఉంది. లోపలి సామాను చెడిపోయిందని ఎవరూ పట్టించుకోలేదు. వీధి ఆడవాళ్లంతా యశోదమ్మ వెంట పోయి పంచాయితీ ఆఫీసు ముందు కూర్చున్నారు. ఆఫీసు వాళ్లు ఇదిగో అదిగో అంటూ తిప్పారు. వీళ్లు తిరిగారు. సహన వచ్చి ఆఫీసు వాళ్లకు ఆ నీళ్ల లెక్కలు కన్నడంలో విడమరిచి చెప్పింది. అంతవరకు ధనుంజయ పాలబండిలో క్యాన్లు వచ్చాయి, చాలీచాలకుండా. కొందరు మాత్రం ఇంకా కొళాయి నీళ్లే పట్టుకుపోయారు, వాళ్లను బయ్యప్ప ఇంటిదాకా వెంబడించి బతిమాలాడు. మరి ఆవుల సంగతేమిటి, అవి ఏం తాగాలి అని ఆయన అడిగితే సహన కూడా వెంటనే చెప్పలేకపోయింది. తెలుసుకుని చెప్తానంది. చివరికి వానలు మొదలయ్యేనాటికి లోపలి సామాను మార్చి ఫిల్టర్ గది తెరిచారు.

ఆ వానల్లోనే రక్షితకు ఆడపిల్ల పుట్టింది. తల్లికి రక్తపరీక్షలు చేసి, కిడ్నీలు బాగానే ఉన్నాయి, అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండమన్నారు. బయ్యప్పకూ మునిలక్ష్మమ్మకూ కూడా చేశారు. ఆయనకు కాస్త తేడా కనిపించింది. మందులిచ్చి మళ్లీ రమ్మన్నారు. బస్సులో ఇంటికి వస్తూ దారి పొడుగునా మునిలక్ష్మమ్మ ఆయన చెయ్యి వదల్లేదు. ఎవరైనా చూస్తారే అని ఆయన గొణిగాడు. చూడనీ అంది.

పసిబిడ్డకు స్నానం చేయించడానికి యశోదమ్మ వచ్చింది. ఆమెది మంచి చెయ్యి అని ఊళ్లో పేరు. పీట మీద కూర్చుని కాళ్లు చాచి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాస్తూ వేడినీళ్లు తెమ్మని కేకేసింది. బయ్యప్ప ఇంటికప్పు నుంచి డ్రమ్ములోకి పట్టిన వాననీళ్లు కాచి, వడగట్టి, రెండు చేతులా మోసుకొచ్చాడు.

"స్నానానికి బోరు నీళ్లు చాలని ఆ పిల్ల చెప్పె కదన్నా. నీకెందుకింత తిప్పలు?"

"చెప్పిందిలేమ్మా. నా మనసుకు ఒప్పలే."

"ఎన్నాళ్లు ఒప్పదు? ఎండాకాలం వస్తే ఏం చేస్తావు, మబ్బును పిండుతావా?" అని కసిరింది యశోదమ్మ. కసురుతూనే చెంబు ఆయన చేతికి అందించింది. "రా, నువ్వే పొయ్యి. తాతవు కదా. తలమీద వద్దు, చేతిమీదుగా పొయ్యి."

బయ్యప్ప వంగి, చెంబులో వేలు పెట్టి వేడి చూసుకుని, బిడ్డ పొట్ట మీద సన్నగా ధార పోశాడు. బిడ్డ ఏడవలేదు. మూసిన పిడికిళ్లు రెండూ విప్పింది. యశోదమ్మ పకపకా నవ్వింది. గడపలో నిలబడి చూస్తున్న మునిలక్ష్మమ్మ బిడ్డను చుట్టడానికి తన పాత నూలుచీర మడత విప్పి పట్టుకుంది.